పొగకు దారి: గ్యాస్ పొయ్యి మీది చిమ్నీకి ఎంత శక్తి కావాలి?

విజయవాడలో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు వంటగదికి చిమ్నీ కోసం దుకాణానికి వెళితే మొదట వినిపించేది ఒక అంకె. వెయ్యి, పన్నెండు వందలు, పదిహేను వందలు. ఆ యంత్రం గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలిని లాగుతుందో చెప్పే అంకె అది. వాడుకలో దాన్ని సక్షన్ అంటారు. మన వంటల్లో వేపుళ్లూ తాలింపులూ ఎక్కువ కాబట్టి ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదని అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు. ఈ అధ్యాయం చెప్పే మాట వేరు. మామూలు సంసారాలు వాడే రెండు మూడు బర్నర్ల పొయ్యికి గంటకు 400 నుంచి 500 క్యూబిక్ మీటర్ల గాలి ఇంటి బయటికి పోతే చాలు. అయితే ఆ గాలి పెట్టె మీద అచ్చయితే సరిపోదు, పైపు చివర బయటికి రావాలి. పొయ్యి మీద లేచిన పొగలో ఎంత భాగం చిమ్నీకి చిక్కుతుంది, చిక్కింది ఎంత సాఫీగా బయటపడుతుంది, పోయిన గాలికి బదులు గాలి ఎటునుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే మోటారు శక్తి గురించి ఆలోచించాలి. ఆ వరుస తప్పితే పదిహేను వందల యంత్రం కూడా మోతే మిగులుస్తుంది.

కట్టెల పొయ్యి పోయాక కూడా

కృష్ణా డెల్టా పల్లెల్లో రెండు తరాల కిందటి వరకు వంట అంటే పొగే. పత్తికట్టె, కందికంప, సరుగుడు పుల్లలు, తాటిమట్టలు, పిడకలు, వరి ఊక, ఏది దొరికితే అది పొయ్యిలోకి వెళ్లేది. ఆ పొగతో బతకడానికి ఆనాటి ఇళ్లు తమకు తెలిసిన ఏర్పాటు చేసుకున్నాయి. వంటిల్లు వెనకవైపు, పెరట్లోకి తలుపుతో ఉండేది. పెంకుల సందుల్లోంచి పొగ పైకి పోయేది. మండువా ఇళ్లలో నడిమధ్య ఆకాశం కనబడే ఖాళీ వేడిగాలికి దారి ఇచ్చేది. వంట చేసే ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ ఆ ఏర్పాట్లు కాపాడలేకపోయాయి. కానీ వేడిగాలికి పైన దారి ఉండాలి, దాని స్థానంలోకి వచ్చే గాలికి కింద దారి ఉండాలి అన్న సూత్రం మాత్రం వాటిలో సరిగ్గానే ఉంది. విజయవాడ వైపు పటమటలోనో కానూరులోనో పోరంకిలోనో నేడు కట్టే ఫ్లాటులో ఆ రెండు దారులూ మూసుకుపోయాయి. పైన స్లాబు, పక్కన మరో ఫ్లాటు గోడ, ముందు ఏసీ బిగించిన హాలు. ఇంధనం మారింది, ఇల్లు కూడా మారింది. ఇంధనం మారడంవల్ల వచ్చిన లాభంలో కొంత ఇల్లు మారడంవల్ల పోతోంది.

ఇంధనం మారడం ఎంత పెద్ద మేలో ముందు ఒప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. ఈ మార్పు విలువను కొలిచి చూపిన పరిశోధన తెలుగు నేల మీదే జరిగింది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో 420 ఇళ్లను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే సన్నని ధూళి ఇరవై నాలుగు గంటల సగటు, ఘనపు మీటరు గాలికి, గ్యాస్ వాడే ఇళ్లలో 73 మైక్రోగ్రాములు ఉండగా ఘన ఇంధనాలు వాడే ఇళ్లలో 732 దాకా చేరింది. పది రెట్ల తేడా. ఇందులో రెండో పాఠం కూడా ఉంది. 73 అన్నది సున్నా కాదు. గ్యాస్ వచ్చినంత మాత్రాన గాలి శుభ్రమైపోలేదు. కొంత ధూళి ఊళ్లోంచీ పక్కింటి పొయ్యిలోంచీ వస్తుంది, కొంత మన బాండీలోంచే వస్తుంది.

బాండీలోంచి వచ్చేది రెండు రకాలు. మొదటిది మంట చేసేది. ఎల్పీజీ మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. ఒక కిలో గ్యాస్ దాదాపు కిలోన్నర నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ ఒకటి ఖాళీ అయ్యేలోగా ఇరవై రెండు లీటర్ల నీళ్లు మన వంటగది గాలిలో కలుస్తాయి. సముద్రపు తేమతో ఇప్పటికే ఉక్కపోసే డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అనే ఘాటైన వాయువు కూడా పుడుతుంది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు; 2009 నాటి మన జాతీయ ప్రమాణం 40. అంతకుముందు జరిగిన 41 అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి ఒక విశ్లేషణ, గ్యాస్ మీద వండే ఇళ్ల పిల్లల్లో ఉబ్బసం కనిపించే అవకాశం 42 శాతం ఎక్కువని లెక్కతేల్చింది. రెండూ కలిసి కనిపించాయని మాత్రమే అది చెబుతుంది, గ్యాసే కారణమని నిరూపించదు. అయినా జాగ్రత్తపడడానికి అంత ఆధారం సరిపోతుంది. రెండో రకం నూనె చేసేది. నూనె పొగలు కక్కేదాకా కాగితే సన్నని నూనె తుంపరలతో పాటు కళ్లు మండించే ఎక్రోలిన్ వంటి పదార్థాలు లేస్తాయి. అధిక వేడిమీద వేయించేటప్పుడు వచ్చే పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2010లో ప్రచురించిన సంపుటంలో వర్గీకరించింది. పొగతాగే అలవాటు లేని చైనా మహిళల్లో వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద జరిగిన పరిశోధనలు ఆ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారం. గారెలు, పునుగులు, చేపల వేపుడు చేసుకునే మన ఇళ్లకు ఆ హెచ్చరిక దూరపుది కాదు.

పొగ ఎంత గాలితో లేస్తుంది?

చిమ్నీ ఎంత గాలి లాగాలో తెలియాలంటే పొయ్యి మీంచి ఎంత గాలి లేస్తుందో తెలియాలి. ఇంటి పొయ్యిలో పెద్ద బర్నర్ వేడి దాదాపు రెండు కిలోవాట్లు. అది గంటసేపు మండితే సుమారు 150 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది, ఆ గ్యాస్ మండడానికి రెండు క్యూబిక్ మీటర్ల గాలి చాలు. మంట నుంచి వచ్చేది ఇంతే అయితే చిన్న ఫ్యాను సరిపోవాలి. కానీ వేడెక్కిన గాలి ఒంటరిగా లేవదు. లేస్తూ చుట్టూ ఉన్న చల్లగాలిని తనలోకి కలుపుకుంటూ, పైకి పోయేకొద్దీ విచ్చుకునే స్తంభంలా పెరుగుతుంది. వేడి పరికరాల మీద లేచే గాలి స్తంభాలకు ఇంజనీర్లు వాడే సూత్రంతో లెక్కవేస్తే, ఒక పెద్ద బర్నర్ మీది స్తంభం చిమ్నీ అంచు దాకా చేరేసరికి గంటకు 150 నుంచి 200 క్యూబిక్ మీటర్ల గాలిని మోసుకొస్తుంది. రెండు బర్నర్లు ఒకేసారి వెలిగితే 300 నుంచి 400. దానికి కొంత మిగులు కలిపితే 400 నుంచి 500 అవుతుంది. మొదట చెప్పిన అంకె ఇలా వచ్చింది.

ఆ సూత్రంలో ఇంకా విలువైన సంగతి ఒకటి దాగి ఉంది. గాలి పరిమాణం వేడికి ఘనమూలం లెక్కన పెరుగుతుంది. ఎత్తుకైతే అంతకంటే ఎంతో వేగంగా, దాదాపు ఎత్తు వర్గానికి దగ్గరగా పెరుగుతుంది. బర్నర్ వేడిని రెట్టింపు చేస్తే లేచే గాలి నాలుగో వంతు మాత్రమే ఎక్కువవుతుంది. స్తంభం ప్రయాణించే దూరం రెట్టింపైతే గాలి మూడు రెట్లవుతుంది. ఇంటి కొలతల్లో చెప్పాలంటే, గిన్నె నుంచి చిమ్నీకి ఉన్న ఎడం 65 సెంటీమీటర్ల నుంచి 90కి పెంచితే పట్టుకోవలసిన గాలి దాదాపు 40 శాతం పెరిగిపోతుంది. అందుకే మంట ఎంత పెద్దది అన్నదానికంటే చిమ్నీ ఎంత ఎత్తున బిగించారు అన్నది ముఖ్యం. మరీ కిందికి దించితే మంట సెగకు జిడ్డు అంటుకుని నిప్పు ప్రమాదం ఉంటుంది. కాబట్టి తయారీదారు గ్యాస్ పొయ్యికి ఎంత దూరం తప్పనిసరి అన్నాడో చూసుకుని ఆ కనీస దూరానికి దగ్గరగా బిగించడం మేలు. చాలా చిమ్నీలకు అది పొయ్యి నుంచి 65 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. తల తగులుతుందనో అందంగా ఉండదనో అడుగు పైకి జరిపితే కొన్న శక్తిలో పెద్ద భాగం అక్కడే ఖర్చయిపోతుంది.

లాగడం వేరు, పట్టుకోవడం వేరు

ఎక్కువ శక్తి ఉంటే దూరం నుంచైనా లాగేస్తుంది కదా అనిపిస్తుంది. గాలి స్వభావం అందుకు ఒప్పుకోదు. ఊదిన గాలి ఒక దిక్కుకు సాగుతుంది, పీల్చే గాలి అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. దేవుడి ముందు దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పవచ్చు, పెదవుల దగ్గర పెట్టుకున్నా పీల్చి ఆర్పలేం. పీల్చే నోరు ఎంత వెడల్పు ఉందో అంత దూరం జరిగేసరికి గాలి వేగం పదో వంతు కూడా మిగలదు. దుకాణంలో ఫిల్టరుకు కాగితం అంటుకోవడం చూపించి శక్తిని నమ్మించే పద్ధతి ఉంది. ఫిల్టరు దగ్గర గాలి వేగంగా ఉందనే ఆ పరీక్ష చెబుతుంది. అరమీటరు కింద, బర్నర్ మీద వేగే ఎండుమిర్చి ఘాటు ఎటు పోతుందో దానికి తెలియదు. వేడిగాలి తనంతట తాను పైకి వస్తుంది. వచ్చినదాన్ని అంచులు దాటి పోకుండా కప్పి ఉంచి బయటికి పంపడమే చిమ్నీ పని.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాలలో విలియం డెల్ప్, బ్రెట్ సింగర్ ఏడు రకాల చిమ్నీలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. పొయ్యి నుంచి లేచిన వాయువుల్లో ఎంత శాతం నేరుగా బయటికి పోయిందన్నది వాళ్లు కొలిచారు. కొన్ని సందర్భాల్లో అది 15 శాతానికి తక్కువ, కొన్నిటిలో 98 శాతానికి ఎక్కువ. వెనక బర్నర్ల పొగ బాగా చిక్కింది, ముందు బర్నర్లది తప్పించుకుంది, ఎందుకంటే చాలా చిమ్నీలు ముందు బర్నర్ల మీదికి పూర్తిగా రావు. అడుగున రేకూ జాలీలతో మూసినవాటికంటే లోపల ఖాళీగా, బోర్లించినట్టు తెరిచి ఉన్నవి మెరుగ్గా పనిచేశాయి. అన్నిటికంటే బాగా పట్టినది వెడల్పాటి తెరిచిన చిమ్నీ. దాని గాలి అమెరికా పరిశ్రమ సిఫారసు చేసిన మట్టాన్ని, మన లెక్కలో గంటకు 425 క్యూబిక్ మీటర్లను, దాటింది. ఆ మోతలో మామూలుగా మాట్లాడుకోవడం కుదరలేదు. ఆకారమూ కావాలి, ఆ మట్టానికి చేరే గాలీ కావాలి అని ఈ ఫలితాలు చెబుతున్నాయి. పన్నెండు వందలు కావాలని చెప్పడం లేదు.

ఇది మన వంటగదికి ఎలా వర్తిస్తుందో చూద్దాం. మన స్టవ్‌లలో బర్నర్లు ఎక్కువగా పక్కపక్కన ఉంటాయి. మూడు నాలుగు బర్నర్ల స్టవ్ కొని దానిమీద 60 సెంటీమీటర్ల చిమ్నీ బిగిస్తే ఇటు చివర, అటు చివర ఉన్న గిన్నెలు కప్పు బయటే ఉంటాయి. అక్కడ మోటారు ఎంత పెద్దదైనా ప్రయోజనం తక్కువ. రెండు బర్నర్లకు 60 సరిపోతుంది, మూడు దాటితే 90 తీసుకోవాలి. గట్టు మీద స్టవ్‌ను వీలైనంత గోడవైపు జరపాలి, వేపుడు మూకుడును చిమ్నీ మధ్యకు వచ్చే బర్నర్ మీదే పెట్టాలి. ఈ రెండు పనులకూ ఖర్చు లేదు. ఏటవాలు గాజుపలకల చిమ్నీలు చూడడానికి బాగుంటాయి, తుడవడం తేలిక. కానీ ఒక్కసారిగా ఎగసిన తాలింపు పొగను క్షణకాలం నిలిపి ఉంచే లోతు వాటిలో లేదు. ఇక సీలింగ్ ఫ్యాను సంగతి. వేడిగాలి స్తంభం లేచే వేగం సెకనుకు అరమీటరు ప్రాంతంలో ఉంటుంది. ఓపెన్ కిచెన్‌లో పక్కనే తిరిగే ఫ్యాను గాలి అంతకు రెండు మూడు రెట్లు వేగంగా వచ్చి ఆ స్తంభాన్ని చెదరగొడుతుంది. చెదిరిన పొగను ఏ మోటారూ తిరిగి పోగుచేయలేదు.

పైపులో పోయే శక్తి

పెట్టె మీది అంకె సాధారణంగా గాలికి అడ్డేమీ లేనప్పటిది. ఇంట్లో అడ్డు ఉంటుంది. ఆరు అంగుళాల పైపులో గంటకు 400 క్యూబిక్ మీటర్ల గాలి పోతే దాని వేగం సెకనుకు ఆరు మీటర్లు. 1200 పోవాలంటే పద్దెనిమిది మీటర్లు, అంటే గంటకు 65 కిలోమీటర్లు. గాలికి ఎదురయ్యే అడ్డు వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది. లంబకోణంలో తిరిగే ఒక్క మలుపు దగ్గర మొదటి సందర్భంలో సుమారు 20 పాస్కల్‌ల ఒత్తిడి ఖర్చయితే రెండో సందర్భంలో దాదాపు 200 ఖర్చవుతుంది. రెండు మలుపులు, ముడతలు పడిన అల్యూమినియం పైపు, బయట జాలీ, లోపల జిడ్డు పట్టిన ఫిల్టరు కలిస్తే పన్నెండు వందల యంత్రం నుంచి పన్నెండు వందలు రావడం జరగదు. పైపు సన్నమైతే నష్టం ఇంకా ఘోరం. అదే గాలికి ఘర్షణ, వ్యాసం తగ్గేకొద్దీ, దాని అయిదో ఘాతం లెక్కన పెరుగుతుంది కాబట్టి ఆరు అంగుళాల చోట నాలుగు అంగుళాల పైపు వేస్తే అడ్డు ఏడు రెట్లు దాటుతుంది. గోడలో ముందే వదిలిన రంధ్రం చిన్నదని అక్కడ పైపును నొక్కి దూర్చడం మోటారు గొంతు నొక్కడమే. పొయ్యి బయటిగోడకు ఆనుకుని ఉంటే పైపు మూడు నాలుగు అడుగుల్లో బయటపడుతుంది. గది అవతలి వైపునుంచి ఫాల్స్ సీలింగ్ మీదుగా తిప్పి తెస్తే ఆ దూరానికి మూల్యం ప్రతి పూటా చెల్లించాలి.

పైపు బయట తెరుచుకునే చోటుకు డెల్టాలో ఇంకో ప్రాముఖ్యం ఉంది. వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయ మూలన ఉండాలంటారు. వేసవి సాయంత్రాల్లో దక్షిణం నుంచి వచ్చే పైరగాలి సరిగ్గా ఆ మూలనే తాకుతుంది. సెకనుకు అయిదు మీటర్ల గాలి ఎదురుగా కొడితే 15 పాస్కల్‌ల ఒత్తిడి వస్తుంది, పది మీటర్ల గాలి కొడితే 60. పై అంతస్తుల్లో గాలి మరింత జోరు. కాబట్టి పైపు నోరు గాలికి ఎదురుగా కాకుండా తూర్పు గోడకో, పక్కకు తిరిగిన గూడుకో ఉండేలా చూసుకోవాలి. గాలి వెనక్కి తోసినప్పుడు మూసుకునే రెక్క దానికి బిగించాలి. అదే పైరగాలి, కిటికీ తెరిచి ఉంటే, వంటగది పొగను హాల్లోకీ పడగ్గదుల్లోకీ నడిపిస్తుంది. కిటికీ ఉంటే చిమ్నీ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కిటికీ గాలిని మారుస్తుంది, కానీ ఏ దిక్కుకు మార్చాలో నిర్ణయించేది ఆ పూట వీచే గాలే.

పోయినంత గాలి రావాలి

ఇంట్లోంచి ఎంత గాలి పోతే అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే పోయేదీ ఆగిపోతుంది. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న వంటగదిలో పట్టే గాలి 23 క్యూబిక్ మీటర్ల లోపే. గంటకు 1200 లాగితే గదిలో గాలి యాభై సార్లకు పైగా మారాలి. అంత గాలి నెమ్మదిగా రావాలంటే మూడున్నర చదరపు అడుగుల కిటికీ తెరవాలి. 400కి అయితే చదరపు అడుగుకు కాస్త ఎక్కువ చాలు. కిటికీలు మూసి ఏసీ వేసుకున్న ఇంట్లో పెద్ద చిమ్నీ నడిపితే మొదట పోయేది చల్లగాలి. బయట 40 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు ఉన్న మే నెల మధ్యాహ్నం గంటకు 400 క్యూబిక్ మీటర్ల బయటిగాలిని చల్లబరచాలంటే దాదాపు 1.8 కిలోవాట్ల శీతలశక్తి కావాలి. 1200కి 5.3 కిలోవాట్లు కావాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యం అంతే. తేమను పిండడానికయ్యేది ఈ లెక్కలో లేదు. మూసిన ఇంటి నుంచి బలంగా గాలి లాగితే స్నానాల గదిలోని గ్యాస్ గీజరు పొగ కూడా బయటికి పోకుండా లోపలికి మళ్లే ప్రమాదం ఉంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. అవసరానికి మించిన శక్తి వృథా మాత్రమే కాదు, కొన్ని ఇళ్లలో అపాయం కూడా.

ఎదురయ్యే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం మన వంట గురించే. విదేశీ ప్రమాణాలు ఉడకబెట్టుకు తినేవాళ్లవి, ఆవాలూ ఎండుమిర్చీ వేగే ఇంటికి అవి చాలవంటారు. ఇందులో సగం నిజం ఉంది. మిరపలోని క్యాప్సైసిన్‌ను గుర్తించే నాడీ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, ఆ పరంపరకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకం ఎంత సున్నితమంటే అతి తక్కువ ఘాటు తగిలినా దగ్గు వస్తుంది. కానీ ఆ ఘాటు ఎక్కి వచ్చేది అదే వేడిగాలి స్తంభం మీద. స్తంభం పరిమాణాన్ని వేడి, ఎత్తు నిర్ణయిస్తాయి. మిరపకాయల లెక్క నిర్ణయించదు. కాబట్టి ఘాటైన వంటకు కావలసింది ఎక్కువ గాలి కంటే తక్కువ జారుబాటు. చిమ్నీ 70 శాతం పట్టుకుంటే 30 శాతం ఇంట్లోకి వస్తుంది, 90 శాతం పట్టుకుంటే 10 శాతమే వస్తుంది. దగ్గు మూడో వంతుకు తగ్గేది అక్కడ. కాలిఫోర్నియా రాష్ట్రం 2022 భవన నియమావళిలో ఈ దృష్టినే తీసుకుంది. చిన్న ఇళ్లలో గ్యాస్ పొయ్యి ఉంటే చిమ్నీ 85 శాతం పట్టుకోవాలి, లేదా గంటకు సుమారు 475 క్యూబిక్ మీటర్లు పంపాలి; విద్యుత్ పొయ్యికి 65 శాతం లేదా 270 చాలు. గ్యాస్‌కు ఎక్కువ కావాలని ఆ నియమం ఒప్పుకుంది. అయినా అది వెయ్యిని అడగలేదు.

పెద్దది కొని తక్కువ వేగంలో నడుపుకుంటే పోదా అన్నది రెండో అభ్యంతరం. ఇది బలమైన వాదన. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, కరెంటు ఖర్చు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోత భరించలేక చిమ్నీ ఆపేసే ఇళ్లకు నిశ్శబ్దమే అసలు శక్తి. కాబట్టి వెయ్యి యంత్రాన్ని కొని నడిమి వేగంలో 400 తీసుకోవడం తప్పు కాదు. అయితే అప్పుడు అడగవలసింది పెట్టె మీది గరిష్ఠ అంకెను కాదు, నడిమి వేగంలో ఎంత గాలి, ఎంత మోత అన్న రెండు అంకెలను. పైపు ఆరు అంగుళాలకు తగ్గకూడదన్న షరతు అప్పుడూ మారదు.

బయటి గాలే పాడైందిగా, దాన్ని లోపలికి తెచ్చుకోవడమెందుకన్నది మూడోది. విజయవాడ 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో ప్రమాణాలు దాటిన నగరాల జాబితాలో ఉన్నమాట వాస్తవం. కోతల తరువాత గడ్డి కాల్చే రోజుల్లో డెల్టా ఊళ్లకూ పొగ తప్పదు. అయినా గారెలు వేగుతున్న గంటలో గదిలోని గాలి బయటిగాలికంటే ఎన్నో రెట్లు చెడుతుంది. చెడినదాన్ని పంపించి తక్కువ చెడినదాన్ని తెచ్చుకోవడం లాభమే. రోడ్డువైపు కిటికీ మూసి పెరటివైపుదో వాష్ ఏరియా తలుపో తెరిస్తే మరీ మంచిది. ఇండక్షన్ పొయ్యికి మారితే సరిపోదా అంటే, మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, ఆవిరి పోతాయి, అది పెద్ద లాభమే. నూనె పొగ మాత్రం మిగులుతుంది. పైపు లేకుండా బొగ్గు ఫిల్టరుతో గాలిని తిరిగి గదిలోకే వదిలే చిమ్నీలు నూనె జిడ్డును కొంత ఆపుతాయి. వేడినీ ఆవిరినీ కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపలేవు, గ్యాస్ పొయ్యికి అవి సరైన ఎంపిక కావు.

చిమ్నీ కొనే స్తోమత లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాటిని ఈ చర్చ మరిచిపోకూడదు. పొయ్యి పైన గోడలో ఎత్తుగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా కిందిభాగంలో గాలి వచ్చే కంత, ఈ రెండూ ఉంటే పల్లెటూరి వంటగదికి చాలా మేలు జరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను గోడకు నేరుగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. దానికి పొడవైన పైపు తగిలిస్తే ఒత్తిడి పుట్టించలేక చతికిలబడుతుంది. చిమ్నీ అయినా ఫ్యాను అయినా నూనె కాగక ముందే వేయాలి, వంటయ్యాక పది పదిహేను నిమిషాలు తిరగనివ్వాలి. గ్యాస్ లీకైన వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టకూడదు. ఎల్పీజీ గాలికంటే బరువైనది కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. పైన ఉన్న చిమ్నీ దాన్ని లాగలేదు, స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు ఇల్లు తగలబడడానికి.

ఎంపిక ఎక్కడ మొదలవ్వాలి?

ఇంతవరకు చూసిన ఆధారాలన్నీ కలిపితే ఎంచుకునే వరుస తేలుతుంది. ముందు పొయ్యి ఎక్కడ ఉండాలో నిర్ణయించాలి, బయటిగోడకు దగ్గరగా. తరువాత ఆ గోడలో ఆరు అంగుళాల పైపు పట్టే రంధ్రం. ఆపై బర్నర్లన్నిటినీ కప్పే వెడల్పూ లోతూ ఉన్న చిమ్నీ, తయారీదారు చెప్పిన కనీస ఎత్తుకు దగ్గరగా. తరువాత గాలి లోపలికి వచ్చే దారి. చివరగా, ఆ పైపు గుండా 400 నుంచి 500 క్యూబిక్ మీటర్లు పంపగల, ఆ వేగంలో మాట వినబడనిచ్చే మోటారు. బిగించాక పరీక్షించుకోవడం తేలిక. గిన్నెలో నీళ్లు మరిగిస్తూ, ఒక అగరుబత్తిని గిన్నె అంచుల దగ్గర, ముఖ్యంగా ముందువైపున పట్టుకుని చూడాలి. పొగ అంచు దాటి ముఖం మీదికి వస్తే లోపం ఎత్తులోనో వెడల్పులోనో వచ్చే గాలిలోనో ఉంది. దాన్ని సరిదిద్దకుండా మోటారు మార్చడం డబ్బు దండుగ.

ఈ వరుసలో మొదటి రెండు అడుగులు కొనేవాళ్ల చేతిలో లేవు. అవి ప్లాను గీసేవాళ్ల చేతిలో, కట్టేవాళ్ల చేతిలో ఉన్నాయి. ప్రతి వంటగదికీ బయటిగోడలో ఆరు అంగుళాల రంధ్రం, గాలి వచ్చే కంత ప్లానులోనే చూపించాలని భవన అనుమతుల్లో చేర్చితే కట్టుబడి ఖర్చులో తేడా తెలియదు. గోడ లేచాక కోయాలంటే ఎంతో కష్టం. తయారీదారులు చేయవలసింది కూడా ఉంది. చిమ్నీ ఎంత శాతం పట్టుకుంటుందో కొలిచే పరీక్షా పద్ధతి ఏఎస్‌టీఎం ఈ3087 పేరుతో ఇప్పటికే ఉంది. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్‌ను 2023 నుంచి తప్పనిసరి చేయగలిగిన దేశం చిమ్నీ పెట్టె మీద సక్షన్ అంకె పక్కన పట్టుబడి శాతం, నడిమి వేగంలో గాలి, మోత అచ్చువేయమని అడగగలదు. కట్టెల పొగ నుంచి ఆడవాళ్లను బయటపడేయడానికి ప్రభుత్వాలు పాతికేళ్లుగా గ్యాస్ ఇచ్చాయి. మిగిలిన పొగను బయటికి పంపే పని అంతకంటే చవక, దానికి కావలసిన శాస్త్రం అంతా మన చేతిలో ఉంది.